సోడా పీపాలో లీకు

అల్ ఖౌద్, మస్కట్
నవంబరు

కిరీటికి,

ఈమెయిల్లో ఇంత పొడుగు ఉత్తరం చూసి బావకి ఏమైందోనని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చు. కానీ నేను ఫోన్ తీస్తే పక్కన మీ అక్క ఉంటుంది, మీ అక్క పక్కన మీ నాన్నగారు ఉంటారు. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయి, మాట ‘భోంచేశావా’ దగ్గర ఆగిపోతుంది. పైగా ఇది నీ వృత్తికి సంబంధించిన సందేహం. పెర్త్‌లో సినిమా హాళ్ళకీ హోటళ్ళకీ కూల్‌డ్రింక్ మెషీన్లు బాగుచేసే బావమరిదిని పెట్టుకుని ఇంకొకళ్ళని అడగడమెందుకు?

సంగతేమిటంటే, ఇంట్లో సోడా తయారు చేస్తున్నాను. పందొమ్మిది లీటర్ల స్టీలు పీపా ఒకటి, చిన్న గ్యాస్ సిలిండర్, మధ్యలో రెగ్యులేటర్, చివర ఒక కుళాయి. పీపాని పాత ఫ్రిజ్‌లో పెట్టి, ఆ ఫ్రిజ్‌ని వంటగది వెనక పనిమనిషి గదిలో పెట్టాను. మాకు పనిమనిషి లేదు, గది ఊరికే ఉంది. గ్యాస్ ఎక్కించి, సిలిండర్ కట్టేసి వెళ్ళిపోతాను. రెండ్రోజులాగి చూస్తే గేజ్‌లో ముల్లు సగానికి దిగి ఉంటోంది. మళ్ళీ ఎక్కిస్తాను, మళ్ళీ దిగుతుంది. ప్రెషర్ నిలబడితే తప్ప తాగడానికి పనికిరాదు గనక నేనూ మీ అక్కా దాన్ని ముట్టుకోవడమే లేదు. సిలిండర్ నింపే మబేలా షాపులో ఎహసాన్ అనే అతను నన్ను చూడగానే, మళ్ళీ వచ్చారా అన్నట్టు, “ఫిర్ సే, సార్?” అంటున్నాడు. నాకు రోడ్లు డిజైన్ చేయడం వచ్చు, గ్యాస్ సంగతి రాదు. రోడ్డుకి గుంట పడితే కనపడుతుంది.

మీ నాన్నగారు వచ్చిన కొత్తలో ఇబ్బంది పడ్డారు. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, నిద్ర పట్టలేదు. ఏసీ పడలేదనుకుని మీ అక్క మిరియాల కషాయం పోసింది. కషాయమే పనిచేసిందో ఏమో, ఇప్పుడు ఆయనకి ఏ బాధా లేదు. పొద్దున్నే పూజ, పేపరు, సాయంత్రం యూనివర్సిటీ రోడ్డు మీద నడక. ముప్పయ్యేళ్ళు ఎక్సైజ్‌లో సారా బట్టీలు పగలగొట్టిన మనిషి కదా, ఇల్లంతా ఓసారి కళ్ళతోనే తనిఖీ చేశారు. పీపా చూసి “ఏవిటండీ అల్లుడుగారూ ఇది?” అన్నారు. సోడా అన్నాను. “ఓహో, సోడానా!” అన్నారు.

లీకు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలో రాయి.

నీ బావ,
జయదేవ్

పెర్త్
నవంబరు

బావగారికి,

మీ ఉత్తరం వ్యాన్‌లో కూర్చుని చదివాను. మా వైపు మిమ్మల్ని అందరూ ‘మజ్జిగ బావ’ అంటారని మీకు తెలుసో లేదో. నా పెళ్ళిలో కుర్రాళ్ళంతా మేడ మీదకి రమ్మని పిలిస్తే మజ్జిగ గ్లాసు పట్టుకుని కింద వంటవాళ్ళ దగ్గర కూర్చున్నారు. అలాంటి మనిషికి సోడా పిచ్చి పట్టిందంటే పెద్ద ఎదుగుదలే.

ముందుగా ఒక మాట. ముల్లు దిగినంత మాత్రాన లీకని తీర్మానించకండి. చల్లటి నీళ్ళు గ్యాస్‌ని పీల్చుకుంటాయి. మొదటి మూడు నాలుగు సార్లు ప్రెషర్ దిగడం సహజం. నీళ్ళకి సరిపడా పట్టాక కూడా దిగుతోందంటేనే లీకు. అప్పుడు మొదట అనుమానించాల్సింది మూత కింద రబ్బరు రింగుని. కుక్కర్‌లో గాస్కెట్ లాంటిదే. మూత వదులుగా పెట్టి గ్యాస్ ఇస్తూ పైకి లాగి బిగిస్తే అది దాని చోట్లో కూర్చుంటుంది. తర్వాత సబ్బునీళ్ళు బ్రష్షుతో అన్ని అతుకుల మీదా రాయండి. బుడగ లేచిన చోట లీకున్నట్టు. సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య ఒక వాషర్ ఉంటుంది, అది నలిగిపోయిందేమో చూడండి. అక్కడ తెల్ల టేపు చుట్టారంటే మాత్రం మీతో మాట్లాడను, అందరూ చేసే తప్పు అదే.

నాన్న కుదుటపడ్డారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఆయన్ని మీ దగ్గరికి పంపాలని పట్టుబట్టింది నేనే. అమ్మ పోయాక కాకినాడలో ఆయన పద్ధతి నాకు నచ్చలేదు. ఒమన్ అయితే బాగుంటుందని ఎందుకో గట్టిగా అనిపించింది. వణుకు తగ్గిందన్నారు, నిజంగా తగ్గిందా? కాఫీ గ్లాసు ఒంటిచేత్తో పట్టుకుంటున్నారా? అన్నం సరిగ్గా తింటున్నారా? కాళ్ళకి వాపేమైనా కనపడుతోందా? ఊరికే అడుగుతున్నాను. తప్పకుండా రాయండి.

కిరీటి

అల్ ఖౌద్
డిసెంబరు

కిరీటికి,

తెల్ల టేపు చుట్టాను. నీ ఉత్తరం రాకముందే చుట్టాను కనుక లెక్కలోకి రాదు. తీసేసి కొత్త వాషర్ వేశాను. మూత రింగు కూడా మార్చాను. ముల్లు దాని దారిన అది దిగుతూనే ఉంది.

సబ్బునీళ్ళ పరీక్ష మాత్రం రసాభాస అయింది. నేను గిన్నెలో సబ్బు కలుపుతుంటే మామగారు వచ్చి, “సబ్బెందుకండీ, పాడు వాసన! తినే తాగే వస్తువులకి సబ్బు రాస్తారా ఎవరైనా? అమ్మాయి తలంటుకోడానికి తెచ్చుకున్న కుంకుడుకాయలున్నాయిగా,” అన్నారు. అనడమే కాదు, ఆయనే నానబెట్టి, పిసికి, వడగట్టి, గిలక్కొట్టి ఇంత నురగ తీశారు. ఆ నురగ పీపా నిండా రాశాం. ఎక్కడ చూసినా బుడగలే. మూత దగ్గర, కుళాయి దగ్గర, ఏ అతుకూ లేని నున్నటి పొట్ట మీద కూడా బుడగలే. ఆయన టార్చి పట్టుకుని “అదిగోండి, అక్కడండీ! కాదు కాదు, ఆ పైపు మొదట్లోనండీ!” అంటూ ఒక గంట నిలబడ్డారు. పీపా మొత్తం జల్లెడని తేలింది. మీ అక్క వచ్చి, మీ ఇద్దరికీ కూడా ఇంత రాస్తే పిచ్చి వదిలిపోతుంది అని చెప్పి వెళ్ళింది.

మనిషి మాత్రం ఎంత సరదాగా ఉంటున్నారో! రాత్రి భోజనమయ్యాక కాసేపు పద్యాలు కూడా పాడుతున్నారు. గ్లాసు ఒంటిచేత్తోనే పట్టుకుంటున్నారు. అన్నం తక్కువే తింటున్నారు, వయసు అంటున్నారు. పాదాలు కొంచెం ఉబ్బినట్టు మీ అక్క అంది, నాకైతే తెలియలేదు. నడక ఎక్కువైందేమో. నువ్వేమో డాక్టరులా ప్రశ్నలేస్తున్నావు.

మెషీన్ల మనిషివి, మెషీన్ సంగతి చెప్పు.

జయదేవ్

పెర్త్
డిసెంబరు

బావగారికి,

కుంకుడు రసం మంచిదే, సబ్బుకన్నా నయం కూడా. కానీ దాన్ని నురగ కొట్టకూడదు. పల్చగా, నీళ్ళలా రాయాలి. లీకున్నచోట అదే బుడగ ఊదుతుంది. ముందే నురగ కొట్టి రాస్తే నున్నటి గోడ కూడా లీకవుతున్నట్టే కనపడుతుంది. ఈ మాత్రం నాన్నకి తెలియకపోవడం ఆశ్చర్యమే. బట్టీల దగ్గర గొట్టాల అతుకులు ఎలా చూసేవాళ్ళో నా చిన్నప్పుడు కథలు కథలుగా చెప్పేవారు.

ఇక ఆ గోల వదిలేయండి. మీ లగేజ్ తూకం ఉంటుందిగా, కొక్కేనికి సూట్‌కేసు తగిలించి ఎత్తేది. గల్ఫ్‌లో అది లేని తెలుగిల్లు ఉండదు. పీపాని ట్యూబులు తీసి దానికి తగిలించి తూచండి. రెండ్రోజులాగి మళ్ళీ తూచండి. గ్యాస్ పోతే ఆ తూకానికి తెలియదు, దాని బరువెంత! బరువే తగ్గిందంటే మాత్రం పోతున్నది గ్యాస్ కాదు, సోడా. సోడా దానంతటది ఫ్రిజ్‌లోంచి నడిచి వెళ్ళదు. ఎవరో కుళాయి తిప్పుతున్నారు. సోడా తగ్గేకొద్దీ పీపాలో ఖాళీ పెరుగుతుంది, ముల్లు దిగుతుంది, మళ్ళీ నింపడానికి గ్యాస్ ఇంకా ఎక్కువ పడుతుంది. మీ సిలిండర్ అంత తొందరగా అయిపోవడానికి ఇదొక్కటే సరిపోతుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ లగేజ్ తూకం పట్టేస్తుంది.

పట్టుకున్నాక ఏం చేస్తారు? సోడాయే కదా, తాగనివ్వండి.

నాన్న పద్యాలు పాడుతున్నారన్న ముక్క మా ఆవిడకి చదివి వినిపించాను. అమ్మ పోయాక ఆయన గొంతు విప్పింది ఇదే మొదటిసారి. మీకూ అక్కకీ ఎంత రుణపడ్డానో ఉత్తరంలో చెప్పలేను. పాదాల వాపు మాత్రం అక్కని గమనిస్తూ ఉండమనండి.

కిరీటి

అల్ ఖౌద్
జనవరి

కిరీటికి,

నువ్వన్నదే నిజమైంది. పీపాని కొక్కేనికి తగిలించి ఎత్తితే చంటిపిల్లాడిలా తేలిగ్గా లేచింది. కదిపితే లోపల అడుగున గలగలమంది. నిండు పీపా అనుకుని ఇన్నాళ్ళూ నేను గాలికి గ్యాస్ ఎక్కిస్తున్నాను. రెండ్రోజులాగి తూస్తే ఇంకా తగ్గింది.

దీని వెనక ఒక చెడ్డపని కూడా జరిగిపోయింది. మా బిల్డింగ్ వాచ్‌మన్ ఖమరుద్దీన్ దగ్గర మా తాళంచెవి ఒకటి ఉంటుంది. మేం ఊరెళ్తే మొక్కలకి నీళ్ళు పోసేది అతనే. మేం ఈ ఫ్లాట్‌కి వచ్చినప్పటినుంచీ ఒక్క మాట పడని మనిషి. తాళంచెవి ఇచ్చెయ్యమని అడిగాను. ఎందుకని అడగలేదు. రింగులోంచి తీసి ఇస్తూ “కోయీ గల్తీ హుయీ, సాబ్?” అన్నాడంతే. నీ తప్పేమీ లేదని నేను అనలేదు. లిఫ్ట్ ఎక్కాక చాలా చిన్నతనంగా అనిపించింది.

అన్నం దగ్గర ఈ సంగతి చెబితే మీ నాన్నగారు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు. “పాపం అతన్నెందుకండీ అనడం? అతను కాదండీ. ఎవర్నీ అనుమానించకండి అల్లుడుగారూ. గ్యాస్ పోతే పోయింది, సరుకు చెడకుండా ఉంది, అది చాలదాండీ?” అన్నారు. మరి అన్నం తినకుండానే లేచిపోయారు. పరాయివాడి కోసం అంత బాధపడే మనిషిని నేను చూడలేదు. తాళంచెవి అతనికి తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నాను.

సోడా పోయినందుకు బాధ లేదు. ఎవరో తెలియకపోవడమే బాధ.

జయదేవ్

పెర్త్
జనవరి

బావగారికి,

ఆ పీపాలో ఉన్నది సోడాయేనా?

మా ఇంట్లో బియ్యాన్ని బియ్యం అనేవాళ్ళం, పప్పుల్ని సామాను అనేవాళ్ళం. సరుకు అనే మాటకి ఒక్కటే అర్థం. “ఇవాళ సరుకు పట్టుకున్నాం,” “సరుకు స్టేషన్‌లో పెట్టించాను.” ఎక్సైజ్ వాళ్ళ పిల్లలం, ఆ మాట వింటూ పెరిగాం. రిటైరయ్యాక కూడా ఆయన నోట ఆ మాట ఇంకోరకంగా నేను వినలేదు. సోడాని ఆయన ఎన్నడూ సరుకు అనరు.

మీరు నిజం చెప్పే ముందు నా నిజం నేను చెబుతాను. అమ్మ పోయాక నాన్న తాగుతున్నారు. సరదాకి కాదు, పొద్దున్నుంచీ. పోయినేడు నేను కాకినాడ వెళ్ళినప్పుడు బీరువాలో పంచెల వెనక సీసాలు చూశాను. డాక్టరు లివర్ గట్టిపడుతోందన్నాడు. ఇక మీదట చుక్క ముట్టినా మనిషి దక్కడన్నాడు. నాన్న నా చేతులు పట్టుకుని, “అల్లుడికి తెలిస్తే నేను ఆ గుమ్మం తొక్కలేనురా. అమ్మాయికి కూడా చెప్పకు,” అని ఒట్టు వేయించుకున్నారు. అందుకే ఒమన్ అన్నాను. వీధి చివర దుకాణం ఉండదు, పలకరించే పాత స్నేహితులుండరు, మజ్జిగ తాగే అల్లుడుంటాడు. అంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు. వచ్చిన కొత్తలో వణికింది కూడా ఏసీకి కాదని నాకు అప్పుడే తెలుసు. మానేసినందుకు వచ్చిన వణుకనీ, ఓర్చుకుంటే పోతుందనీ అనుకుని ఊరుకున్నాను. అది తగ్గిందని మీరు రాస్తే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఎందుకు తగ్గిందో ఇప్పుడు భయమేస్తోంది. వెంటనే రాయండి.

కిరీటి

అల్ ఖౌద్
జనవరి

కిరీటీ,

సోడా కాదు. బీరు.

ఇక్కడ పర్మిట్ ఉంటే కొనుక్కోవచ్చు గానీ ఇంట్లో కాయకూడదు. ఆఫీసులో ఇద్దరు ముగ్గురం సరదాకి నేర్చుకున్నాం. మజ్జిగ బావ అన్న పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేక మీ వైపు ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకి తెలుసు. మామగారు వస్తున్నారనగానే “నాన్నగారికి సోడా అని చెప్పండి, ఎక్సైజ్‌లో చేసిన మనిషి, పరువు పోతుంది,” అంది. సోడా అన్న మాట అలా మొదలైంది. నీకు కూడా అదే చెప్పాను.

నీ ఉత్తరం ఆఫీసులో చదివి ఇంటికి వచ్చేశాను. మొదట అనిపించింది మిగిలింది సింకులో పారబోయడమే. మీ అక్కకి ఉత్తరం చూపించాను. ఏడవలేదు. నేరుగా దెబోరాకి ఫోన్ చేసింది. రుస్తాఖ్‌లో నర్సుగా చేస్తుంది, భీమవరం అమ్మాయి, మీ అక్క స్నేహితురాలు. ఆమె గబగబా, “బాబోయ్, ఒక్కసారిగా ఆపెయ్యకండి! మొదట వచ్చిన వణుకు అదేనండీ. ఈసారి ఫిట్సు రావచ్చు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఏం తాగారో, ఎంత తాగారో, ఎక్కడిదో దాచకుండా చెప్పెయ్యండి. డాక్టరు దగ్గర అబద్ధమాడితే మందు తప్పవుతుందండీ,” అంది.

సరే, ఎవరు అడగాలి? కూతురు తండ్రిని అడగలేదు. అల్లుడు మామని అంతకన్నా అడగలేడు. ఆయన గది ముందు నేను మూడుసార్లు నిలబడి వెనక్కి వచ్చాను. చివరికి ఒకటి తోచింది. ఆయన గుట్టు అడగడం నావల్ల కాదు గానీ నా గుట్టు చెప్పుకోవడం నా చేతిలో పనే. లోపలికెళ్ళి, “మామగారూ, ఆ పీపాలోది సోడా కాదండీ. బీరు. నేనే కాచాను. మీకు అబద్ధం చెప్పాను,” అన్నాను.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

“తెలుసండీ. వచ్చిన నాడే వాసన పట్టాను. కుంకుడు నురగ కూడా కావాలనే కొట్టానండి, మీకు దొరక్కుండా.” మళ్ళీ ఆయనే, “వణుకు ఓర్చుకోలేక మొదలెట్టానండి. ఆ వాచ్‌మన్‌ని అన్నారని విన్నప్పణ్ణుంచి నాకు ముద్ద దిగడం లేదు. చెబుదామనుకున్నాను. మీ మొహం చూసి చెప్పలేకపోయాను,” అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న మొదటి నిజం ఇదే అనుకుంటాను.

రేపు పొద్దున్న ఆసుపత్రికి వెళ్తున్నాం. ఎక్కడిదని అడుగుతారు. నిజం చెబితే నా ఉద్యోగం, వీసా ఏమవుతాయో తెలియదు. చెబుతాను.

జయదేవ్

పెర్త్
ఫిబ్రవరి

బావగారికి,

ఆసుపత్రిలో చేర్చారని అక్క మెసేజ్ పెట్టింది. కాళ్ళూ పొట్టా నీరు పట్టాయట. నేను టికెట్ తీసుకుంటానంటే నాన్నే వద్దన్నారట, “వాడొస్తే ఏడుస్తాడు” అని. నిజమే, వ్యాన్ రోడ్డు పక్కన ఆపుకుని ఏడ్చాను.

మీ మీద కోపం కూడా వచ్చింది. దాచడమెందుకు? మీరు సోడా అన్నారు గనక నేను లీకుని వెతికాను. బీరు అని ఉంటే మొదటి ఉత్తరంలోనే మనిషిని వెతికేవాణ్ణి. వాషర్లూ రింగులూ అంటూ రెండు నెలలు పాఠాలు చెప్పాను, అవతల మా నాన్న గ్లాసు గ్లాసుగా పోతుంటే. ఆ కోపం దిగాక నా సంగతి గుర్తొచ్చింది. ఆయన తాగుతారని నేను ఒక్క ముక్క రాసి ఉంటే మీరు ఆ గదికి తాళం వేసేవారు. మీరు మామగారి మర్యాద కాపాడారు, నేను నాన్న మర్యాద కాపాడాను, నాన్న మీ ఇద్దరి మర్యాదా కాపాడారు. లివర్‌ని ఎవరూ కాపాడలేదు.

తిట్టానని అనుకోకండి. తిట్టాను, అంతే. డాక్టరు ఏమంటున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ఇక నాకు తీపి కబుర్లు వద్దు.

కిరీటి

అల్ ఖౌద్
ఏప్రిల్

కిరీటికి,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. లివర్ పోయినంత మేర పోయింది, అది తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోవచ్చని డాక్టర్ నాదియా అన్నారు. నీరు తీసేశారు. వణుకు రాకుండా మందులిచ్చి మెల్లగా ఆ మందులు తగ్గించారు. ఉప్పు లేదు, ఊరగాయ లేదు. ఉప్పు లేని పప్పు తింటూ ఆయన చేసే ముఖం చూస్తే సారా బట్టీల వాళ్ళ ఉసురు తగిలిందేమో అనిపిస్తుంది. ఆ మాట ఆయనతోనే అన్నాను, నవ్వారు.

ఎక్కడి బీరని ఆమె అడిగారు. మా ఇంట్లోదే, నేనే కాచాను అన్నాను. ఆమె కలం ఆపి నన్ను చూసి, “ఇప్పుడు ఉందా?” అన్నారు. లేదన్నాను. “ఇక ఉండకూడదు,” అని మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టారు. ఇంతవరకూ ఎవరూ రాలేదు. వస్తే వచ్చారు.

డిశ్చార్జయి వచ్చిన రోజున మామగారు లిఫ్ట్ ఎక్కకుండా ముందు ఖమరుద్దీన్ గదికి వెళ్ళారు. ఆయనకి హిందీ అంతంత మాత్రం. తాళంచెవి అతని చేతిలో పెట్టి, “హమ్ పియా. తుమ్ నహీ. హమ్,” అని, తాగింది తనేనన్నట్టు తన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఖమరుద్దీన్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను కూడా క్షమాపణ అడిగాను. నా వైపు మాత్రం అతను ఇంకా సరిగ్గా చూడడం లేదు. దానికి టైం పడుతుంది.

ఇప్పుడు పీపా సంగతి. మిగిలింది మేం ఆసుపత్రికి బయల్దేరే ముందే దెబోరా వచ్చి దగ్గరుండి పారబోయించింది. పీపా కూడా పారేద్దామంటే మామగారు ఒప్పుకోలేదు. “దానికేం పాపమండీ, వేణ్ణీళ్ళతో కడిగి సోడా పెట్టండి. నిమ్మకాయ పిండుకుని ఒక గ్లాసు తాగొచ్చని డాక్టరమ్మ చెప్పిందిగా,” అన్నారు. పెట్టాను. ఈసారి నిజంగానే సోడా. చల్లబడి గ్యాస్ పట్టేదాకా నువ్వు చెప్పినట్టే నాలుగుసార్లు ఎక్కించాను, తూచాను, మూత మీద బరువు రాశాను, సిలిండర్ కట్టేశాను. ఇంకా ఎవరం ముట్టుకోలేదు.

మొన్న చూస్తే ముల్లు సగానికి దిగి ఉంది.

కిరీటీ, ఉన్నది సోడాయే, తాగితే ఏమీ కాదు. కానీ ఎవరూ ముట్టుకోలేదని పొద్దున్నే ఆయనే నాతో అన్నారు. ఆ మాట అబద్ధమైతే ఇంకే మాట నమ్మను? తూకం షెల్ఫ్ మీదే ఉంది. తీసే ధైర్యం రాలేదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆయన ఎప్పుడొచ్చారో వెనకనుంచి ముల్లు చూశారు. నన్ను చూశారు. షెల్ఫ్ మీంచి తూకం తీసి నా చేతిలో పెట్టారు.

“ముందు తూచండి అల్లుడుగారూ. లీకు సంగతి తర్వాత.”

తూచాను. మూత మీద రాసిన బరువే. మళ్ళీ తూచమన్నారు. మళ్ళీ అదే. అప్పుడు ఆయన గట్టిగా ఊపిరి వదిలి, కుంకుడుకాయలు నానబెట్టడానికి వెళ్ళారు. ఈసారి రసం నురగ కొట్టలేదు. పల్చగా వడగట్టి, బ్రష్షుతో ఒక్కొక్క అతుకూ నీళ్ళలా రాసుకుంటూ వచ్చారు. చెయ్యి కొంచెం వణికింది గానీ మందు కోసం కాదు, వయసు. గ్యాస్ ట్యూబు తగిలించే ముక్కు దగ్గర ఒకే ఒక్క బుడగ మెల్లగా ఊదుకుంటూ లేచింది.

“అదిగోండి దొంగ!” అని ఆయన అరిచిన అరుపుకి మీ అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బుడగని చూసి, ఆయన్ని చూసి, అప్పటిదాకా ఏడవనిది అప్పుడు ఏడ్చింది. లీకు దొరికిందని ఇంత సంతోషించిన ఇల్లు ఇంకోటి ఉండదు.

ఆ ముక్కుకి వేసే చిన్న రబ్బరు రింగు పగిలింది. ఆ కొలతది ఎహసాన్ షాపులో లేదు. పెర్త్‌లో దొరికితే నాలుగు పంపించు. మీ నాన్నగారు ఆ పక్కనే నిలబడి, పోస్టులో వద్దు, వాణ్ణే పట్టుకుని రమ్మనండి అంటున్నారు.

జయదేవ్